చాంది కుట్టిన మ్యాట్

సత్తుపల్లి దాటి ఆరు కిలోమీటర్లు పోతే పామాయిల్ తోటల మధ్య వెంకటకృష్ణ వాళ్ళ పాత పొగాకు బ్యారన్ ఉంది. అందులో మంట పెట్టి పొగాకు ఆరబెట్టడం ఆపేసి పద్నాలుగేళ్ళయింది. ఇరవై అడుగుల ఎత్తున్న ఆ మట్టి గోడల గదిలో ఇప్పుడు ఆయన భార్య నిర్మలాదేవి గోల్ఫ్ ఆడుతుంది.

విశాఖపట్నంలో ముప్పై ఏళ్ళు కాలేజీలో లెక్కలు చెప్పిన మనిషి ఆవిడ. యాభై ఏళ్ళు దాటాక ఒక పొరుగావిడ వెంట సరదాగా వెళ్ళి ఆట నేర్చుకుంది. ఉద్యోగాలు అయిపోయి భర్త సొంత ఊరికి వచ్చేశాక చుట్టుపక్కల గోల్ఫ్ మైదానమన్నది లేకపోయింది. అందుకని సిమ్యులేటర్ కొనుక్కుంది. ఎదురుగా తెర, దాని మీద ప్రొజెక్టర్ చూపించే పచ్చటి మైదానం. బంతిని కొడితే అది తెరకు తగిలి కింద పడుతుంది. పక్కనున్న చిన్న మిషను వేగం లెక్కగట్టి బంతి ఎంత దూరం పోయేదో చూపిస్తుంది. మొదట ఇంట్లో హాలులోనే పెట్టారు. మూడో రోజు కర్ర తగిలి ఫ్యాను రెక్క వంగిపోయాక వెంకటకృష్ణే బ్యారన్ శుభ్రం చేయించాడు.

ఆదివారం పొద్దున పూట విశాఖలోని పాత స్నేహితురాళ్ళు వాళ్ళ ఇళ్ళలో, ఈవిడ ఇక్కడ, ఒకే మైదానం తెర మీద పెట్టుకుని కబుర్లు చెప్పుకుంటూ ఆడేవాళ్ళు. అలా ఏడాది గడిచేసరికి ఆవిడ కుడి మోచెయ్యి పట్టుకుంది. పప్పుగిన్నె మూత తియ్యాలన్నా ప్రాణం జివ్వుమనేది.

ఖమ్మంలో ఎముకల డాక్టరు చెయ్యి తిప్పి చూసి ఏం పని చేస్తారని అడిగాడు. గోల్ఫ్ అని చెబితే, దేని మీద నిలబడి కొడుతున్నారని అడిగాడు. సిమెంటు గచ్చు మీద పలచటి మ్యాట్ అని చెప్పింది. అసలు మైదానంలో బంతి కింద గడ్డీ మట్టీ దెబ్బను మింగేస్తాయనీ, సిమెంటు మింగదనీ, ఆ దెబ్బంతా తిరిగి మోచేతికే వస్తోందనీ ఆయన చెప్పాడు. ఆరు వారాలు చేతికి విశ్రాంతి ఇవ్వమన్నాడు. తర్వాత మ్యాట్ అన్నా మార్చాలి, ఆటన్నా మానాలి.

కీళ్ళకు హాయిగా ఉండే మ్యాట్‌లు బయట దేశాల్లో చేస్తారు. ఆవిడ ఫోన్లో వెతికి ఒకటి ఎంచుకుని సత్తుపల్లి పిన్‌కోడ్ కొట్టింది. ఈ ప్రాంతానికి పంపలేమని వచ్చింది. ఖమ్మం కొట్టినా అదే మాట.

ఆ వారమే కారు సీటుకు నడుము దగ్గర మెత్త కుట్టించుకోవడానికి చాంది దుకాణం దగ్గర ఆగింది. బొగ్గు లారీలు ఆగే రోడ్డు పక్కన రేకుల షెడ్డు అది. చాందిది ఏన్కూరు దగ్గర తండా. లారీ తోలే భర్త బిచ్యాకు నడుము పట్టేస్తే, పదేళ్ళ కిందట అతని సీటు విప్పి తనే మళ్ళీ కుట్టింది. అది చూసి మిగతా డ్రైవర్లు వరస కట్టారు. ఇప్పుడు లారీలు, ట్రాక్టర్లు, జేసీబీలు, దేని సీటైనా ఆమె దగ్గరికే వస్తుంది. కూర్చునేవాళ్ళను రెండడుగులు నడిపించి, నడక చూశాకే టేపు తీస్తుంది.

ఎడమచేత్తో పర్సు తీస్తున్న నిర్మలాదేవిని చూసి చాంది చేతికేమైందని అడిగింది. విషయం విన్నాక, ఆ ఆట ఏందో ఒకసారి చూడాలంది. సోమవారం స్కూటీ మీద బ్యారన్‌కు వచ్చింది. ఇనుప తల ఉన్న కర్ర చేతికిస్తే, పలుగు పట్టినట్టు పట్టుకుని ఒక్క దెబ్బ వేసింది. బంతికి తగలలేదు. మ్యాట్‌కు తగిలి ధన్నుమంది.

"చెయ్యి కాదు మేడం, పళ్ళు కదిలినయ్," అంది చాంది, దవడ పట్టుకుని. తర్వాత మోకాళ్ళ మీద కూర్చుని బొటనవేలితో మ్యాట్‌ను అక్కడా ఇక్కడా నొక్కి చూసింది. తాను చేసిస్తానంది.

వారం తిరక్కుండా తెచ్చింది. మంచమంత వెడల్పు, నాలుగు అంగుళాల స్పాంజి, పైన ఆకుపచ్చ కార్పెట్. విశ్రాంతి వారాలు నడుస్తున్నాయని తెలిసి కూడా నిర్మలాదేవి ఆగలేకపోయింది. ఒక్కటే, మెల్లగా కొడతానని భర్తకు చెప్పి నిలబడింది. దెబ్బ దూదిలో వేసినట్టు దిగింది, చేతికి ఏమీ తెలియలేదు. కానీ నడుము తిప్పేసరికి స్పాంజిలో కూరుకున్న ఎడమ పాదం కదల్లేదు. మోకాలు మెలిపడింది. ఆవిడ అక్కడే కూర్చుండిపోయింది.

సాయంత్రానికి మోకాలు వాచింది. వెంకటకృష్ణ కోప్పడలేదు. ఐసు ముక్కలు గుడ్డలో చుట్టి తెచ్చి మోకాలి మీద పెట్టాడు, బ్యారన్‌కు తాళం వేసి తాళంచెవి జేబులో వేసుకున్నాడు. ఉన్న చెయ్యి పోయింది, ఇప్పుడు కాలు కూడానా అని మాత్రం అన్నాడు. చాంది మర్నాడే ఆటో తెచ్చి ఆ మ్యాట్‌ను ఎక్కించుకుపోయింది. తర్వాత తొమ్మిది రోజులు ఫోన్ ఎత్తలేదు.

పదో రోజు నిర్మలాదేవి మోకాలికి పట్టీ వేసుకుని, ఆటో ఎక్కి దుకాణానికే వెళ్ళింది. చాంది ట్రాక్టర్ సీటుకు మేకులు కొడుతోంది. కుర్చీ జరిపింది గానీ తల ఎత్తలేదు.

"నేను కుట్టిన సీటు మీద కూసున్నోళ్ళు ఇప్పటిదాంక మంచిగనే లేచి పోయిండ్రు మేడం. మీరొక్కలే కుంటుకుంట పోయిండ్రు."

"తప్పు నీది ఒక్కదానిదే కాదు," అంది నిర్మలాదేవి. "నిలబడే చోటూ కొట్టే చోటూ ఒకటే అనుకున్నాను. లెక్కలు చెప్పినదాన్ని, ఆ మాత్రం తట్టలేదు నాకు."

పక్కనున్న అట్టముక్క తీసుకుని రెండు గళ్ళు గీసింది. పెద్దది కాళ్ళకు, గట్టిగా ఉండాలి. చిన్నది బంతికి, మెత్తగా ఉండాలి. రెండూ ఒకే ఎత్తులో ఉండాలి. చాంది సుత్తి పక్కన పెట్టి ఆ బొమ్మను చాలాసేపు చూసింది. చిన్న గడి మీద వేలు పెట్టి, మెత్తగా ఉంటే చాలదంది.

"బస్సు బ్రేకేస్తే మనిషి కిందికి పోతడా మేడం? ముందటికి పోతడు. మీ ఇనుము గూడ గంతే. దానికి ముందటికి పోనీకి తొవ్వ ఇయ్యాలె. తొవ్వ లేకుంటనే చేతికి కొడుతది."

ఈ తొమ్మిది రోజులూ ఆమె చేసిన పని అదేనని అప్పుడు తెలిసింది. ఇంటి వెనక పలుగుతో స్పాంజి ముక్కల మీద కొట్టి కొట్టి చూసిందట. చేతులు బొబ్బలెక్కాయి. ఫోన్ ఎత్తితే చెప్పడానికి ఏమీ లేదని ఎత్తలేదు.

టీ తెప్పించాక చాంది ఇంకొకటి అడిగింది. ఇంత నొప్పి పెట్టే ఆటను ఇడిచిపెట్టరాదా అని.

నిర్మలాదేవి టీ గ్లాసు కింద పెట్టింది. "ముప్పై ఏళ్ళు పిల్లల తప్పులకు ఎర్ర ఇంకుతో గీతలు పెట్టాను చాందీ. ఈ ఆటలో నేను కొట్టేవన్నీ తప్పులే. అయినా పొద్దున లేస్తే మళ్ళీ వెళ్ళి కొట్టాలనిపిస్తుంది. నాకు ఇంకెందులోనూ అలా అనిపించదు."

చాంది తలూపింది. మర్నాడే వచ్చి కొలతలు తీస్తానంది.

తాళంచెవి ఇవ్వడానికి వెంకటకృష్ణ ఒక షరతు పెట్టాడు. డాక్టరు సరే అనేదాకా నిర్మల కర్ర ముట్టకూడదు. ఆ మాట మీద బ్యారన్ తలుపు తెరిచాడు. చెక్క పని మొదలయ్యాక చూస్తూ కూర్చోలేక తనే రంపం పట్టాడు. విశాఖ పోర్టులో ఇంజనీరుగా చేసిన చెయ్యి మరి. నిలబడే బల్లకు ప్లైవుడ్ కోశాడు, మీద పలచటి గట్టి రబ్బరు పరిచాడు. సన్నటి ట్యూబులో నీళ్ళు పోసి నాలుగు మూలలా మట్టం చూశాడు. గోరంత తేడా వచ్చినా విప్పించాడు.

బంతి పెట్టే చోట చిన్న పెట్టె. దానికి అడుగున, లారీ సీట్లలో వేసే, ముక్కలు అతికించి చేసిన స్పాంజిని గట్టిగా నొక్కి పెట్టింది చాంది. దాని మీద రెండు రెక్సిన్ ముక్కలు, నునుపు వైపులు ఒకదానికొకటి ఆనేటట్టు పరిచి, మధ్యలో పౌడరు చల్లింది. పై రెక్సిన్‌కు గడ్డి కార్పెట్ అంటించింది. దెబ్బ తగిలితే పై ముక్క రెండంగుళాలు ముందుకు జారుతుంది. మొదటి రోజు జారింది గానీ వెనక్కి రాలేదు. ప్రతి దెబ్బకూ వంగి లాగాల్సి వచ్చింది. మర్నాడు సైకిల్ ట్యూబును పట్టీలుగా కోసి వెనక మేకులకు బిగిస్తే, జారింది జారినట్టే వెనక్కి వచ్చి కూర్చుంది.

కొట్టి చూడాల్సిన మనిషికి చేతికి విశ్రాంతి. అందుకని చాందే కొట్టాలి. నిర్మలాదేవి కుర్చీలో కూర్చుని, ముందు కర్ర పట్టుకునే తీరు, తర్వాత భుజం, తర్వాత చూపు, ఒక్కొక్కటే చెప్పింది. మధ్యాహ్నం దుకాణంలో పని తక్కువగా ఉన్నప్పుడు చాంది వచ్చి రెండేసి వందల బంతులు కొట్టేది. అయిదో రోజుకు స్పాంజి ఒక పక్కకు కుంగుతోందని కనిపెట్టి మార్చింది. పదో రోజుకు బంతి తిన్నగా పోవడం మొదలైంది. పదిహేనో రోజున తెర మీద నూట ఇరవై గజాలని పడింది. వెంకటకృష్ణ అటు ఇటు చూసి తానూ ఒకసారి కొట్టాడు. ఆయనకు ఎనభై వచ్చింది. మిషను సరిగ్గా పని చెయ్యడం లేదేమోనన్నాడు.

మార్చి నెలలో డాక్టరు మోచెయ్యి నొక్కి, మోకాలు వంచి చూసి, కొద్దికొద్దిగా ఆడుకోమన్నాడు. ఆ సాయంత్రం నిర్మలాదేవి బల్ల ఎక్కి పాదాలు సర్దుకుంది. నొప్పి వస్తుందేమోనన్న భయంతో మొదటి దెబ్బను సగంలో ఆపేసింది. రెండోసారి కావాలనే బంతికి వెనక, మ్యాట్ మీద పడేటట్టు కొట్టింది. పచ్చ ముక్క జారింది, తిరిగి వచ్చింది. ఆవిడ మోచెయ్యి పట్టుకుని నొప్పి కోసం కాసేపు ఎదురుచూసింది. రాలేదు. మళ్ళీ కొట్టింది. పన్నెండు కొట్టాక వెంకటకృష్ణ ఇవాళ్టికి చాలన్నాడు. ఆవిడ నవ్వుతూ ఇంకొకటి కొట్టి దిగింది.

నెలాఖరు ఆదివారం విశాఖ స్నేహితురాళ్ళు జోడీల పోటీ పెట్టారు. నిర్మలాదేవికి జోడీగా వెంకటకృష్ణ పేరు ఎప్పుడో ఇచ్చేశారు. ఆయన ఆ పొద్దున టిఫిన్ తింటూ, తన బదులు చాందిని ఆడించమన్నాడు. చాంది వద్దంది, వాళ్ళంతా చదువుకున్నోళ్ళంది. బంతికి ఆ సంగతి తెలియదులే అన్నాడాయన.

చాంది మొదటి మూడు బంతులు తెర మీది చెరువులో పడ్డాయి. తర్వాత కుదురుకుంది. బంతి పడాల్సిన పద్దెనిమిది గుంతల్లో పదకొండో దాని దగ్గర ఆమె కొట్టిన బంతి నీళ్ళు దాటి, గుంతలోని జెండాకు ఆరడుగుల్లో ఆగింది. ఫోన్లో అవతలివాళ్ళ గోల ఆగలేదు. ఆ గోలలోనే కరెంటు పోయింది. అరగంట చీకటి బ్యారన్‌లో కూర్చుని మజ్జిగ తాగారు. కరెంటు వచ్చాక మిషను ఆ బంతిని గుర్తు పెట్టుకోలేదు. అవతలివాళ్ళు ఒప్పుకోవడంతో మళ్ళీ కొట్టింది, ఈసారి పదిహేనడుగుల్లో పడింది. చివరికి నాలుగు జోడీల్లో రెండో స్థానం వచ్చింది. నిర్మలాదేవి పద్దెనిమిది గుంతలూ ఆడింది. మర్నాడు పొద్దున మోచెయ్యి ఎలా ఉందని భర్త అడిగేదాకా దాని సంగతే ఆవిడకు గుర్తు రాలేదు.

విశాఖ నుంచి ఒకావిడ అలాంటి మ్యాట్ తనకూ కావాలని ఫోన్ చేసింది. ఆమె నడక చూడకుండా కొలత తియ్యనంది చాంది. అలా ఏప్రిల్ మొదటి వారంలో ఇద్దరూ బస్సెక్కారు. కొలతలు అయ్యాక నిర్మలాదేవి ఆమెను తను ఆట నేర్చుకున్న మైదానానికి తీసుకెళ్ళింది.

చాంది చెప్పులు విడిచి గడ్డి మీద నాలుగడుగులు నడిచింది. వంగి బొటనవేలితో నొక్కింది. ఇంకో చోట నొక్కింది.

"పైనున్నోడు మంచిగ కుట్టిండు మేడం," అంది. తర్వాత కర్ర ఇమ్మని చెయ్యి చాచింది. బంతి కుడి పక్క సరుగుడు చెట్లలోకి దూసుకుపోయింది. దాన్ని వెతకడానికి ఇద్దరూ ఎండలో అటు నడిచారు.