లూర్దమ్మ కురిపించిన వాన

నేను ఒక సింథసైజర్‌ను. విద్యుత్తుతో స్వరాలు పుట్టించే జర్మన్ వాద్యాన్ని. రైన్ నది ఒడ్డున, చర్చి ఆర్గన్‌లు బాగుచేసే ఇద్దరు అన్నదమ్ములు పెట్టిన కర్మాగారంలో పుట్టాను. టంకం వేసి నా తీగలు అతికినవారందరూ స్త్రీలే. నా నుదుటిన మాత్రం అన్నదమ్ముల ఇంటిపేరు చెక్కారు. మనుషుల న్యాయం ఎలా ఉంటుందో నాకు అప్పుడే కొంత అర్థమైంది.

స్వరాలను గుర్తుపెట్టుకునే శక్తి నాకు లేదు. ముఖం నిండా నాబ్‌లు. వాటిని తిప్పి కూర్చినంతసేపే ఒక స్వరం. కదిపితే అది పోయినట్లే.

ఓడలో మద్రాసు చేరాను. సంగీత దర్శకుడు పురుషోత్తంగారు నన్ను కొన్నారు. వాయించడానికి ఫిరంగిపురం చర్చిలో హార్మోనియం నేర్చిన లూర్దమ్మను పిలిపించారు. ఆమె నాలోంచి వాన తీసింది. రేకుల కప్పు మీద తొలి చినుకులు రాలే వాన. ఆ సినిమా పాట ఊరూరా మోగింది. రికార్డు అట్ట మీద వేణువు, వయొలిన్, తబలా వాయించినవారి పేర్లన్నీ వేశారు. నా వంతు వచ్చేసరికి ‘సింథసైజర్’ అని రాసి ఊరుకున్నారు.

తరువాతి చిత్రానికీ అదే వాన కావాలన్నారు. లూర్దమ్మ నాబ్‌లన్నీ కూర్చి ఒకసారి వినిపించింది. ఈసారైనా తన పేరు వేయించమని అడిగింది. పురుషోత్తంగారు నవ్వారు.

“చప్పుడు చేసేది మిషను. మధ్యలో నీ పేరెందుకమ్మాయ్?”

“అయితే ఆ మిషన్నే వాయించమనండి, మాస్టారూ.”

నాబ్‌లన్నింటినీ సున్నాకు తిప్పేసి, చెప్పులు తొడుక్కుని వెళ్లిపోయింది.

ఆపైన ఎందరో నన్ను తిప్పి చూశారు. ఈల వచ్చింది, గురక వచ్చింది, వాన రాలేదు. పురుషోత్తంగారు ఆమె కోసం కారు పంపారు. పేరు సంగతి మాత్రం ఎత్తలేదు. కారు ఖాళీగా తిరిగివచ్చింది.

అంతలో జపాను నుంచి, స్వరాలను గుర్తుపెట్టుకునే వాద్యాలు దిగాయి. నన్ను గోడౌనులోకి నెట్టారు. వాటి ధాటికే నా కర్మాగారమూ మూతపడిందని, ఎన్నో ఏళ్ల తరువాత నన్ను వెతుక్కుంటూ వచ్చిన ఒక జర్మన్ పెద్దమనిషి చెబుతుంటే విన్నాను.

ఆయన నన్ను కొని, పుట్టినచోటికే తీసుకొచ్చారు. ఆ కర్మాగారం ఇప్పుడు మ్యూజియం. అద్దాల వెనుక నన్ను నిలబెట్టారు. ఎవరూ తాకకూడదట, వేలి స్పర్శ ఎలా ఉంటుందో మరచిపోతున్నాను. గోడకున్న బటన్ నొక్కితే పాత రికార్డులోని వాన వినిపిస్తుంది. పిల్లలు తలెత్తి కప్పు వంక చూస్తారు. పెద్దలు నా పక్కనున్న ఫలకం చదువుతారు. ‘వాయించినవారు: తెలియదు.’

తెలియకపోవడం కాదు. నన్ను కొనడానికి అంత దూరం వచ్చిన మనిషి, ఆ ఒక్క మాట మద్రాసులో ఎవరినీ అడగలేదు.