సొర పొట్టలో ఏముందో

యానాంలో ఫ్రెంచి దొరల జెండా దిగి రెండేళ్ళయింది. కచేరీ మారింది, కాయితాల మీద భాష మారింది. పల్లెపాలెంలో మగాళ్ళ చెవులు మాత్రం మారలేదు. ఆడది చెప్పిన మాట ఆ చెవులకి ఎక్కదు గాక ఎక్కదు. నూకరత్నం ఒళ్ళు మండేది అక్కడే.

గోదారి సముద్రంలో కలిసే మొగ దగ్గర పెద్ద గుల్ల మేట ఉంది. పాటు వచ్చి నీళ్ళు మోకాలి దాకా దిగాయంటే పాలెం ఆడాళ్ళంతా నడుముకి బుట్టలు కట్టుకుని అందులో దిగుతారు. కాళ్ళతో బురద తడుముతూ గుల్లలు ఏరతారు. లోపలి మాంసం కూరకీ సంతకీ, పై చిప్పలు కనకాలపేట సున్నపు బట్టీకీ. వానాకాలం వేట ఆగిపోతే పాలెంలో పొయ్యిలు వెలిగేది ఆ మేట పుణ్యానే. నూకరత్నం అత్తగారు నలుగురు పిల్లల్ని దాని మీదే సాకింది. ఇప్పుడు నూకరత్నం ముగ్గుర్ని సాకుతోంది.

అలాంటి మేటలో ఆ ఏడు గుల్ల పలచబడింది. బుట్ట నిండాలంటే రెండు పాట్లు పడుతోంది. కులపెద్ద అమ్మన్న మగాళ్ళని కూచోబెట్టి తేల్చేశాడు.

"పోటెక్కినప్పుడల్లా మేట మీద సొర చేపలు తిరుగుతున్నాయా లేదా? మనం కళ్ళారా చూస్తున్నాం. గుల్ల మింగేది అవే. ఒక్కదాన్నీ వదలకండి."

నూనె కోసం ఎప్పట్నుంచో సొరల్ని పడుతూనే ఉన్నారు మహానుభావులు, ఈ రెండేళ్ళుగా మరీను. ఇప్పుడు దానికో మంచి కారణం కూడా దొరికింది. నూకరత్నం మొగుడు వెంకన్న అందరికంటే ముందు గేలాలకి పదును పెట్టాడు.

ఇక్కడ పాలెం పద్ధతి ఒకటి చెప్పాలి. సొర ఒడ్డున పడగానే మగాళ్ళు డొక్కలో ఒక గాటు పెట్టి, నూనె తీసే కాలేయం లాగి కుండలో వేసుకుంటారు. అక్కడితో వాళ్ళ పని సరి. మిగతాదంతా ఆడాళ్ళదే. కొయ్యాలి, కడగాలి, ఉప్పెయ్యాలి. అంచేత సొర పొట్టలో ఏముందో పాలెంలో ఏ మగాడూ పుట్టి బుద్ధెరిగి చూడలేదు. నూకరత్నం పదిహేనేళ్ళుగా చూస్తోంది. ఒక్కనాడూ గుల్ల చిప్ప కనబడలేదు. కనబడేవల్లా టేకు చేపలు. చాటంత వెడల్పున ఉండి, తోకకి విషపు ముల్లున్న ఆ టేకుల్నే సొరలు మింగేవి. కొన్ని సొరల దవడల్లో ఆ ముళ్ళు విరిగి ఉండిపోయేవి కూడా.

మర్నాడు సొరని కోసి, పొట్టలోది మొత్తం తట్టలో పోసుకుని, తిన్నగా అమ్మన్న అరుగు ముందుకి పట్టుకెళ్ళింది.

"చూడండి పెద్దయ్యా. ఇందులో గుల్ల ఎక్కడుందో చూపించండి."

అమ్మన్న చుట్ట తీసి, ముక్కు మూసుకున్నాడు. "అరిగిపోయి ఉంటుందమ్మా."

"ముళ్ళు అరగలేదు, తోకలు అరగలేదు, రాయిలాంటి గుల్ల చిప్ప అరిగిపోయిందాండీ? మేట మీదకి గుల్ల తినడానికొచ్చేవి టేకులు. వాటిని తినడానికి సొరలొస్తన్నాయి. దొడ్లో తిరుగుతోందని కాపలా కుక్కని చంపుకుంటన్నారు మీరు."

"వెంకన్నా," అన్నాడు అమ్మన్న ఆమె వైపు చూడకుండా, "మీ ఆవిణ్ణి ఇంటికి తీసుకెళ్ళు. కంపు కొడుతోంది."

వెంకన్న తలొంచుకుని తట్ట ఎత్తుకున్నాడు. దారిలో, "పెద్దాయన ముందు నా పరువు తీశావు," అన్నాడు. అంతే. తట్టలో ఏముందో ఒక్కసారైనా చూస్తే ఒట్టు. నూకరత్నం ఆ రోజు అన్నం ముట్టలేదు.

వేసవి గడిచేసరికి మొగ దగ్గర సొర అన్నది కనబడటం మానేసింది. మగాళ్ళు మీసాలు దువ్వుకున్నారు. ఆడాళ్ళు మేటలో దిగితే కాళ్ళకి తగిలేవన్నీ నలిగిన చిప్ప ముక్కలే. బురద నిండా బుట్టంతేసి గుంటలు. అవి టేకులు తవ్విన గుంటలు. ముల్లు గుచ్చుకుని ఇద్దరు మంచాన పడ్డారు. సున్నపు బట్టీవాడు పడవ పంపడం మానేశాడు. ముందు వానాకాలం ఉంది.

ఒక పొద్దున వెంకన్న వలకి పెద్ద టేకు పడింది. నూకరత్నం ఈసారి ఎవరి అరుగుకీ వెళ్ళలేదు. అమ్మన్నతో సహా మగాళ్ళంతా ఒడ్డునే ఉండగా, వాళ్ళ కాళ్ళ ముందే దాని పొట్ట చీల్చింది. నలిగిన గుల్ల దోసెళ్ళకొద్దీ ఇసకలోకి జారింది. ఇంకా కొన్నిటికి మాంసం అంటుకునే ఉంది.

అమ్మన్న వంగి ఒక చిప్ప ముక్క తీసి, అటూ ఇటూ తిప్పి చూశాడు. హమ్మయ్య, ఇన్నాళ్ళకి బోధపడింది అనుకుంది నూకరత్నం. ఇకనైనా సొరల జోలికి పోవద్దంటాడని ఆశగా నిలబడింది.

"నిజమేనర్రా," అన్నాడు అమ్మన్న. "దొంగముండలు ఈ టేకులే. రేపట్నుంచి వీటిని పడదాం."

"ఎన్నని పడతారండీ?" నూకరత్నం అడ్డమొచ్చింది. "ఆ పని చేసే సొరల్ని బతకనియ్యండి చాలు."

"సొర కనబడితే సొరనీ పడతాం. నూనె ఊరికే పోగొట్టుకుంటామా?" అని ఆయన పడవల వైపు నడిచాడు. అందరూ వెనకే నడిచారు.

వెంకన్న మాత్రం కాసేపటికి వెనక్కొచ్చాడు. ఆమె ఇసకలోనే కూచుని ఉంది. ఓదార్చడానికి వచ్చాడేమో అనుకుంది.

"రత్నం, ఓ మాట. పెద్దయ్య చెప్పాడు, టేకులు పడాలంటే ఎర గుల్ల మాంసమే ఉండాలంట. పాటు వచ్చాక మేటకెళ్ళి ఓ బుట్టెడు ఏరుకొచ్చెయ్యి."

నూకరత్నం నడుముకున్న బుట్ట విప్పి అతని చేతిలో పెట్టింది.

"నువ్వెళ్ళి ఏరు మావా," అంది. "నిండాకే ఇంటికి రా."