అందరం కలిసి నిర్ణయిద్దాం

శేషారత్నానికి భర్త మీద ఉన్న ఫిర్యాదు ఒక్కటే: ఆయన మళ్లీ చదువుకోవడం మొదలుపెట్టాడు. తాగితే పెద్దవాళ్లకు చెప్పుకోవచ్చు, పేకాడితే అలిగి పుట్టింటికి పోవచ్చు. యాభై దాటాక దూరవిద్యలో విద్యా నాయకత్వం చదివే మొగుడి గురించి ఎవరితో మొరపెట్టుకుంటుంది?

మురళీకృష్ణ దిల్‌సుఖ్‌నగర్‌లో ఓ చిన్న ప్రైవేటు హైస్కూలుకి ప్రిన్సిపాలు. పుస్తకంలో ఏ అధ్యాయం చదివితే ఆ వారం ఇంట్లో ఆ పాలన. ఈ వారం భాగస్వామ్య నాయకత్వం. పొద్దున టిఫినేమిటో అందరం కలిసి నిర్ణయిద్దామన్నాడు. శేషారత్నం, కూతురు తన్మయి ఇద్దరూ ఉప్మాకి ఓటేశారు. అందరి అభిప్రాయాన్నీ గౌరవిస్తూ ఆయన పెసరట్టు వేయించుకున్నాడు.

అంతవరకు ఇంటి గొడవే. కానీ తెలంగాణ ఉద్యమం ఊపులో ఉంది. బంద్‌ల మీద బంద్‌లు, బడి వారంలో సగం రోజులు మూత. పదో తరగతి లెక్కల్లో సగం పాఠాలు మిగిలే ఉన్నాయి. ఆ లెక్కలు చెప్పేది సౌజన్య ఒక్కతే. నల్గొండ అమ్మాయి, ఎల్బీనగర్‌లో కిరాయికుంటుంది. ఆమె చేజారితే ఈ ఏడు పదో తరగతి మునిగినట్టే.

బడికి తాళం కనుక ఆ రోజు స్టాఫ్ మీటింగ్ ఇంటి హాల్లో పెట్టాడు. శేషారత్నం అందరికీ టీ ఇచ్చి, వంటింటి గుమ్మంలో చిక్కుడుకాయలు ముందేసుకుని కూర్చుంది. ఈనెలు తీయడానికి చేతులు చాలు, చెవులు ఖాళీయే.

"ఆదివారం స్పెషల్ క్లాసులు పెడితే ఎలా ఉంటుంది? నిర్ణయం మీదే," అన్నాడాయన.

"ఆదివారం ఎల్బీనగర్‌ల వంటా వార్పు ఉంది సార్. తెలంగాణ కోసం రోడ్డు మీదనే వండుకొని తింటం. మా గల్లీ అంతా పోతున్నం," అంది సౌజన్య. "బంద్ లేని రోజుల్ల సాయంత్రం ఇంకో గంట చెప్త. గట్ల పోర్షన్ అయిపోతది."

"మంచి సూచన. ఆలోచిద్దాం."

అంతలో గేటు చప్పుడైంది. శేషారత్నం లేచి వెళ్లి చూస్తే, స్కూలు వ్యాను నడిపే లింగస్వామి. "అమ్మా, సార్‌కు జర ఒక మాట చెప్పున్రి," అన్నాడు.

ఆ మాటేదో విని పంపేయవచ్చు. శేషారత్నం అలా చేయలేదు. "నాకెందుకు నాయనా, లోపల అందరూ కలిసి నిర్ణయిస్తున్నారు. నువ్వు మాత్రం పరాయివాడివా? రా."

లింగస్వామి చెప్పులు విడిచి హాల్లోకొచ్చాడు. "సార్, ఆదివారం పిల్లలను తీస్కరమ్మని మొన్న చెప్పిన్రు గదా. నాతోని కాదు. వంటా వార్పుకు గిన్నెలు నా బండిలనే పోతున్నయ్."

సౌజన్య గ్లాసు కింద పెట్టింది.

"మొన్ననే ఖాయం చేసిన్రా సార్? మరి మమ్మల్ని ఎందుకు పిలిచిన్రు, చాయ్ తాగనీకా?"

"అది కాదమ్మా. నాయకుడికి ఒక విజన్ ఉండాలి. దాని వైపు బృందాన్ని..."

"ఉండనియ్యిన్రి సార్. మా మాట ఇననప్పుడు అడుగుడెందుకు? రేపటి సంది వేరే లెక్కల టీచర్‌ని చూసుకోన్రి."

బ్యాగు భుజానేసుకుని వరండాలోకి నడిచింది. మురళీకృష్ణ దిక్కుతోచక భార్య వైపు చూశాడు.

"నన్ను చూస్తారేంటండీ? అమ్మాయి అటు వెళ్తోంది," అంది శేషారత్నం, చేతిలో కాయ తుంచుతూ.

ఆయన వరండాలోకి వెళ్లేసరికి సౌజన్య చెప్పుల్లో కాలు పెడుతోంది. గొంతు సవరించుకున్నాడు. ఉపన్యాసానికి ముందు సవరించుకున్నట్టే. ఉపన్యాసం మాత్రం రాలేదు.

"ఆగమ్మా సౌజన్యా. తప్పు నాదే. ముందే తేల్చేసుకుని, మీ చేత ఊఁ అనిపించుకుందామని పిలిచాను. ఆదివారం వద్దు, క్లాసులు సాయంత్రాలే పెట్టు."