వెనక్కి రమ్మంటే పోయే పరువు

నేను ఒక పెట్రోలు ఇంజిన్‌ని. కారుది కాదు, మోటారు సైకిలుది కాదు. బొమ్మ విమానం ముక్కున కూర్చునేదాన్ని. బొమ్మ అనగానే మీకు నవ్వొచ్చింది, చూశాను. ఆ నవ్వంటేనే నాకు మంట. పిడికిలంత ఉంటాను. నా ముందు బిగించిన చెక్క రెక్క తిరగడం మొదలుపెడితే కంటికి ఆనదు, గాలిలో మసక పళ్లెంలా ఉంటుంది. కనిపించడం లేదు కాబట్టి అక్కడేమీ లేదనుకుని చెయ్యి పెట్టేవాడు మనిషి. ఇంకే జంతువూ పెట్టదు.

సముద్రాల అవతల ఏదో ఫ్యాక్టరీలో అల్యూమినియం దిమ్మను చెక్కి నన్ను చేశారు. పెట్టెలో నాతోపాటు వాడే విధానం అచ్చేసిన కాగితం వేశారు. హైదరాబాదులో నన్ను కొన్న కాంట్రాక్టరు ఆ కాగితంలో మిర్చి బజ్జీలు పెట్టుకుని తిన్నాడు. నాకు మాత్రం బొట్టు పెట్టాడు. పెట్రోలు నింపిన ట్యాంకు పక్కనే కర్పూరం వెలిగించి హారతి ఇచ్చాడు. కనుబొమలు కాలాయి. బుద్ధి వచ్చిందా? రాలేదు. బావమరుదుల ముందు గ్లవుజు తొడుక్కుంటే పిరికివాడంటారని వట్టి చేత్తో రెక్క తిప్పాడు. వేలు చీరి ఎముక బయటపడింది. ఇంజిన్‌లో దోషం ఉందని చెప్పి నన్ను వదిలించుకున్నాడు. దోషం నాకట!

అలా వరంగల్ శివార్లలోని ఒక ఇంజినీరింగ్ కాలేజీకి వచ్చిపడ్డాను. బస్సుల షెడ్డు వెనక గదిలో బొమ్మ విమానాల క్లబ్బు. దానికి నాయకురాలు బానోతు మంజుల, మెకానికల్ మూడో సంవత్సరం. మెత్తని మనిషి కాదు. పెట్రోల్లో ఆయిలు కొలిచి కలపడం కూడా ఆరుబయటే, గదిలో కలపనిచ్చేది కాదు. చున్నీ నడుముకు బిగించి, విమానం తోకను ఇనుప గుంజకు కట్టేశాకే నన్ను ముట్టుకునేది. రెక్క అంచును గోటితో తడిమి చూసేది. రబ్బరు తొడిగిన కర్రతోనే తిప్పేది. నేను స్టార్టు అందుకున్నాక ముందు నుంచి చెయ్యి చాపేది కాదు. చుట్టూ తిరిగి వెనక్కి వచ్చి, అక్కడి నుంచి సూదిమర తిప్పి పెట్రోలు సరిచేసేది.

మెడలో ఐడీ కార్డు వేలాడేసుకుని వచ్చిన తోటి కుర్రాణ్ని ఒకసారి నిలబెట్టి కడిగేసింది. "ఆ తాడు తీసి రా. పీక తెగినంక కార్డు చూసి గుర్తుపట్టాల్నా నిన్ను?"

రెక్క ఒక్కటే ఉంది, ఇంకోటి తెప్పించమని ఆమె ఎన్నిసార్లు అడిగినా కాలేజీ చైర్మన్ విఠల్ సారు మాట ఒకటే. "ఉన్నది పలిగినప్పుడు చూద్దాం తియ్యి." వార్షికోత్సవం ముందు ఇంకో మాట కూడా అన్నాడు. "ముఖ్య అతిథి ముంగట ఇమానం ఎగరాలె. ఎగిరితె మీ క్లబ్బు ఉంటది. లేకుంటె ఆ గది బస్సు టైర్లకు." ఆ గది తప్ప కాలేజీలో మంజులకు ఇష్టమైన చోటు ఇంకొకటి లేదు.

వార్షికోత్సవం రోజు మైదానంలో నేను బాగానే అందుకున్నాను. మంజుల వెనక కూర్చుని సూదిమర సవరిస్తోంది. అప్పుడు వచ్చింది ఊరేగింపు. ముందు ఫోటోగ్రాఫరు, వెనక విఠల్ సారు, అతిథి, తెల్లగుడ్డ తొడిగిన కుర్చీ. ఆ కుర్చీని తెచ్చి సరిగ్గా నా రెక్క ముందు వేశారు. ఈ దేశంలో గౌరవం అంటే ముందు వరస. చావు ముందు వరసలో ఉన్నా సరే, పెద్దవాళ్లు అక్కడే కూర్చోవాలి.

"సార్, ముంగట కూసోవద్దు! ఎనుకకు రాండ్రి!" మంజుల అరిచింది.

"ఎనుకకా? పెద్దసారును ఎనుకకు పొమ్మంటవా? మా ఇజ్జత్ ఏం కావాలె?" విఠల్ సారు ఆమె వైపు చూడనైనా లేదు. "ఇంజిన్ తిరుగుతుండంగనే ఫోటో రావాలె. శాలువా తే."

శాలువా విప్పారు. నేను ముందున్న గాలిని లాగుతాను, అది నా పని. జరీ అంచు నా వైపు ఎగిరింది. అతిథి దాన్ని పట్టుకోబోయి ముందుకు తూలాడు. మంజుల మీట నొక్కి నా మంట ఆపేసింది. ఒక్క గుక్క ఆలస్యమైతే ఆయన చెయ్యి ఉండేది కాదు. ఆగుతూ తిరుగుతున్న రెక్క శాలువాను లాక్కుని, ఒరిగిన కుర్చీ కోడుకు తగిలి నిలిచింది.

అతిథి లేచి బట్టలు దులుపుకుని అడిగిన మొదటి మాట: "ఫోటో వచ్చిందా?"

మంజుల రెక్కను గోటితో తడిమింది. కొస నుంచి నడుమ దాకా వెంట్రుకంత పగులు.

"సార్, ఇది ఎగరదు."

"గింత గీతకేనా? గమ్ము పెట్టి అతికియ్యి. జనం చూస్తున్నరు!"

"తిరిగేటప్పుడు ఇరిగి ముక్క ఎవరి కంట్ల పడ్తదో నాకు తెల్వదు."

"నీతోని కాకుంటె ఇంకొకన్ని పిలుస్త. టైర్లు యాదికున్నయా?"

యాదికున్నాయి. ఆమె మొహంలో నాకు కనిపించింది. బోల్టులు విప్పి రెక్క తీసింది, రెండు ఇటుకల మీద ఆనించింది, బూటు కాలితో తొక్కి రెండు ముక్కలు చేసింది. "ఇప్పుడు పిలువుండ్రి సార్, ఎవలనన్న."

చప్పట్లు కొట్టారనుకుంటున్నారా? ఒక్కడూ కొట్టలేదు. పొగరుబోతు పిల్ల అన్నారు. ఏ చెయ్యి ఆమె వల్ల మిగిలిందో, ఆ చెయ్యే రిబ్బను కత్తిరించడానికి ఇంకో చోటికి వెళ్లింది.

వారం తిరగకముందే గది ఖాళీ చేయించారు. టైర్లు దొర్లించుకుంటూ వచ్చిన షెడ్డు సూపర్వైజరు గుమ్మంలో ఆగాడు. మంజుల ట్యాంకులో మిగిలిన పెట్రోలు వంపేస్తోంది.

"ఇగ దీన్ని ఎవలు నడుపుతరమ్మా? గింత సేవ దేనికి?"

"ఎవలో ఒకలకు దొరుకుతది అన్నా. దొరికిననాడు తుప్పు పట్టి ఉండొద్దు."

లోపల నాలుగు చుక్కల ఆయిలు పోసి, అది అంతటా పాకేలా నన్ను చేత్తో తిప్పాలి. ట్యాంకులో చుక్క లేదు. బ్యాటరీ ఎప్పుడో తీసేశారు. రెక్క అసలే లేదు. అయినా తిప్పే ముందు, నాలో నిప్పురవ్వ పుట్టే దారి లేకుండా, ఆమె ప్లగ్గు మీది టోపీ లాగి పక్కన పెట్టింది.

మనుషులు నాకు బొట్టు పెట్టారు, హారతి పట్టారు, నా ముందు శాలువా విప్పారు. వాళ్ల మీద నాకు ఈనాటికీ అసహ్యమే. నా సత్తా తెలిసి, చల్లారిపోయిన నన్ను కూడా నమ్మనిది ఆ పిల్ల ఒక్కతే. నాకు దక్కిన మర్యాద అదొక్కటే.