స్మోలెన్స్క్‌లో జింక బొమ్మ దగ్గర

కువైట్‌లోని జహ్రాలో ఒక ఇంటి డ్రైవరుగా పదకొండేళ్లుగా నేను చేసే అసలు పని ఎదురుచూడటం. మామా, అంటే మా యజమానురాలు, చుట్టాలింటికి వెళితే గేటు బయట నేను, బజారుకు వెళితే బజారు బయట నేను. ఆ ఖాళీలోనే రష్యాలోని స్మోలెన్స్క్ నగరాన్ని ఫోన్‌లో చూసి చూసి కంఠతా పట్టాను. నా కూతురు భాగ్యలత అక్కడ డాక్టరు చదువుతోంది. ఇది ఐదో ఏడు.

అడగండి, చెప్తాను. ఊరి చుట్టూ నాలుగు వందల ఏళ్ల నాటి ఇటుకల కోట గోడ. ముప్పై ఎనిమిది బురుజులుండేవి, దాదాపు సగమే మిగిలాయి. కొన్నింటిని నెపోలియన్ సైన్యం వెనక్కి పోతూ పేల్చేసింది. అత్త మీది కోపం దుత్త మీద చూపించడమంటే ఇదే! గుట్ట మీద లేత పచ్చరంగు పెద్ద చర్చి, కింద ద్నీపర్ నది. రెండో ప్రపంచ యుద్ధంలో ఊరు నేలమట్టమైతే మళ్లీ కట్టుకున్నారు. నడిబొడ్డున తోటలో కంచు జింక, ఆ యుద్ధం తర్వాత జర్మనీ నుంచి తెచ్చింది. మా జగిత్యాల ఖిల్లాకు ఎన్ని బురుజులని అడిగితే మాత్రం తెల్లమొహం వేస్తాను.

రష్యాలో ఆపేశారట, కొన్ని నెలలుగా అక్కడికి వీడియో కాల్ కలవడం లేదు. మెసేజీలు పోతున్నాయి. ఫొటోలు పంపుతుంది కానీ ఫొటో కదలదు కదా. నాకు బిడ్డ కదులుతుంటే చూడాలని ఉంది.

అప్పుడు దొరికింది, ఆ తోటను రోజంతా ఇంటర్నెట్‌లో చూపించే కెమెరా. వెంటనే మాట రికార్డు చేసి పంపాను.

"బిడ్డా, శుక్రారం నాలుగ్గొట్టంగ జింక కాడ నిలవడి చెయ్యూపు. నేనీడికెల్లి సూస్త."

"సరే నాయినా, అస్త" అంది. ఆ ఊరికీ కువైట్‌కీ గడియారం ఒకటే.

శుక్రవారం మామా వాళ్లక్క ఇంటి ముందు బండి ఆపి, నున్నగా గీసుకున్న గడ్డంతో ఫోన్ ముందు కూర్చున్నాను. నేను తనకు కనపడనని తెలుసు, నవ్వకండి. జింక వీపు మీద మంచు పేరుకుని ఉంది. సరిగ్గా నాలుగింటికి ఒకమ్మాయి వచ్చింది. బొద్దు కోటు, కళ్లదాకా మఫ్లర్. నడక అచ్చం వాళ్లమ్మదే. జింక పక్కన నిలబడి చెయ్యి ఊపింది. నేను రెండు చేతులూ ఊపాను.

"సన్నవడ్డవ్ బిడ్డా! తింటలేవా?" అని అద్దాలు మూసిన బండిలో అరిచాను. ఏడ్చాను కూడా. పక్క బండి డ్రైవరు నౌమాన్ కంగారుగా అద్దం తట్టాడు.

"క్యా హువా భాయ్?"

"మేరీ బేటీ" అని ఫోన్ చూపించాను. పాపం, అతనూ చెయ్యి ఊపాడు.

ఐదింటికి మెసేజ్ వచ్చింది. "నాయినా, మాఫ్ చెయ్యి. దవాఖానల డ్యూటీ ఏసిండ్రు. ఇప్పుడే వదిలిండ్రు, రాలేకపోయిన. శానసేపు చూసినవా?"

ముందు ఆ పిల్ల మీద కోపం వచ్చింది. ఎవరి కూతురో, ఎవరికి ఊపిందో. తర్వాత నా మీదే వచ్చింది. ఊరి బురుజులన్నీ లెక్కపెట్టి చెప్పేవాణ్ని, కన్నబిడ్డను పోల్చుకోలేకపోయాను.

జవాబు రాశాను.

"లేదు బిడ్డా, నాకు సుత కుదరలే. మామా బజారుకు తోల్కపొమ్మన్నది. నువ్వు తిన్నవా?"