అద్దాల బీరువాలో ఐదు కర్రలు

రోజూ పొద్దున్నే మొదటి ట్రిప్పుకి బయల్దేరేముందు బస్సు కండక్టరమ్మ తన తండ్రి చొక్కాకి గుండీలు పెడుతుంది. చిన్నప్పుడు ఆమె స్కూలు చొక్కాకి ఆయనే పెట్టేవాడు. బల్ల మీద బంతుల్ని కర్రతో పొడిచి ఆడే పూల్ ఆటకి క్యూ కర్రలు చేయడంలో ఆయన్ని మించినవాడు లేడు. కొనేవాడి చెయ్యి కొలిచి, బల్ల మీదకి ఎలా వంగుతాడో చూసి, అప్పుడుగానీ చెక్క ముట్టేవాడు కాదు. ఆయన చేసిన కర్రతో ఎవరూ ఆడకపోతే ఆయన వేలొకటి బిగుసుకుపోతుంది. అందరికీ తెలిసిన సంగతే. డాక్టరు కూడా మాత్రలు రాయకుండా, "ప్రతి కర్రతో రోజూ ఒక ఆట" అని చీటీ రాసిచ్చాడు.

ఆయన కుడిచేతి వేళ్లు ఐదూ ఇప్పుడు ఆ ఊళ్లోని ఒక కాంట్రాక్టరు ఇంట్లో, అద్దాల బీరువాలో ఉన్నాయి. మొదటి కర్ర కొన్నప్పుడు కాంట్రాక్టరు దాన్ని దాచుకునేవాడు కాదు. ఆటలో పడితే భోజనానికి పిలిచినా పలికేవాడు కాదు. ఎవడో ఆ కర్రకి మూడింతల ధర ఇస్తానన్నాడు. అంతే, బుద్ధి గడ్డి తింది. ఇంకో నాలుగు చేయించుకుని, అన్నిటినీ కలిపి తాళం వేశాడు. ఇది జరిగి మూడేళ్లు.

ఒకరోజు కండక్టరమ్మ డ్యూటీ దిగి యూనిఫాంలోనే అతనింటికి వెళ్లింది.

"అన్నా, వారానికోసారైనా ఆడండి. నాన్నకి ముద్ద కూడా నేనే పెట్టాల్సొస్తోంది."

"ఆటకని కర్ర కొనకి సుద్ద రాస్తే సగం రేటు పోతుందమ్మా. అవి ఆడుకోడానికి కాదు, పెట్టుబడి."

"మరి ఆయన చెయ్యి?"

కాంట్రాక్టరు నవ్వాడు. "ఆ చెయ్యి కొత్తవి చేయకపోతేనే కదమ్మా, పాతవాటికి గిరాకీ!"

సిగ్గుండాలి ఆ మాట అనడానికి! సాటి మనిషి చెయ్యి పడిపోతే తనకి లాభమనుకునేవాణ్ణి ఏమనాలి? రోజంతా "ముందుకి జరగండి" అని అరిచే కండక్టరమ్మ ఆ పూట తనే గుమ్మం వైపు జరిగింది.

కాంట్రాక్టరు భార్య అక్కడే బట్టలు ఇస్త్రీ చేస్తోంది. ఆ ఇంట్లో పూల్ బల్ల మూడేళ్లుగా ఇస్త్రీ బల్లే. ఆమె అంతా విన్నది. "మంచినీళ్లు తాగి వెళ్లమ్మా" అని మాత్రం అంది.

మర్నాడు భర్త సైటుకి వెళ్లగానే బీరువా తీసింది. తాళంచెవి ఎక్కడుంటుందో అతని చొక్కాలు ఇస్త్రీ చేసే మనిషికి తెలియదా? బల్ల మీది బట్టలన్నీ కింద పడేసి ఆట మొదలుపెట్టింది. మొదటి దెబ్బకి బంతి బల్ల దాటి సోఫా కిందకి పోయింది. అయినా ఆటే కదా. ఐదు కర్రలతోనూ ఆడింది.

ఇక్కడ కర్రలు చేసే కార్ఖానాలో ముసలాయన చిటికెనవేలు కదిలింది, ఆ వెనకే మిగతా నాలుగూ. మనసు బాగాలేక సెలవు పెట్టిన కూతురు పక్కనే ఉంది.

"ఎవరో ఆడుతున్నారే. ఆట మాత్రం రాదు పాపం" అన్నాడు.

సాయంత్రానికి కాంట్రాక్టరు ఐదు కర్రలూ మోసుకుని ఊడిపడ్డాడు.

"పెద్దాయనా, మా ఆవిడ కొంప ముంచింది. వీటిని మళ్లీ కొత్తవాటిలా చేసివ్వు!"

"ఉండు బాబూ, చొక్కా వేసుకోనీ."

ముసలాయన పై గుండీ పట్టుకున్నాడు. కూతురి చెయ్యి అలవాటు కొద్దీ ముందుకి వెళ్లి, వెనక్కి వచ్చేసింది. ఆమె కళ్లు నిండిపోయాయి. కాంట్రాక్టరు కర్రలు పట్టుకుని అలాగే నిలబడ్డాడు.

"ఆడిన కర్రని ఆడనిదిగా చేయడం నాకు రాదు. మీ ఆవిణ్ణి పంపు, చెయ్యి కొలవాలి. ఆ కర్రలు ఆమెకి పొడుగెక్కువ" అన్నాడు ముసలాయన.

చివరికి చూస్తే ఒక గుండీ తప్పు కాజాలో పడింది. అన్నీ విప్పేసి, మళ్లీ మొదటినుంచి తనే పెట్టుకున్నాడు.