ఆఖరి పది అడుగులు

రెండువందల పదకొండు సార్లు ఆ కొండెక్కినవాడు శిఖరం మీద ఒక్కసారి కూడా కాలు పెట్టలేదంటే ఎవరు నమ్ముతారు? గైడులకి కార్డులిచ్చే ఆఫీసు గుమాస్తా మాత్రం ఇట్టే నమ్మేశాడు. నమ్మి ఫారంలో రాసేశాడు కూడా.

తప్పంతా మెట్లాయన నోటిదే. మంచులో గొడ్డలితో మెట్లు చెక్కడంలో ఆయన్ని మించినవాడు లేడని ఊళ్ళో అందరూ ఆయన్ని మెట్లాయన అంటారు. ఆ కొండ లోపల నిప్పు, పైన నిలువెత్తు మంచు. శిఖరమంటే అగ్నిబిలం అంచే. అక్కడ మంచు చూరులా బయటికి సాగి ఉంటుంది, దాని కింద ఖాళీ. అందుకే గైడైనవాడు పది అడుగుల దిగువనే ఆగిపోవాలి. గొడ్డలి పిడిదాకా దిగ్గొట్టి, తాడు నడుముకి చుట్టుకుని, కాళ్ళు తన్నిపెట్టి కూర్చోవాలి. వచ్చినవాళ్ళు పైకెళ్ళి చేతులు చాపుతారు, ఏడుస్తారు, ఇంట్లోవాళ్ళకి ముద్దులు విసురుతారు. ఆ ఫొటోలు తీసేదీ కింద కూర్చున్న మెట్లాయనే. పోయినేడు ఒకాయన కాళ్ళ కింద చూరు విరిగితే, ఆయన ఇవాళ మనవలతో ఆడుకుంటున్నాడంటే అది ఈ నడుము పుణ్యమే.

ఈ ఏడు ఆఫీసువాళ్ళు కొత్త నిబంధన తెచ్చారు. తాడుకి ముందు నడవాలంటే పెద్ద గైడు కార్డుండాలి. లేనివాళ్ళు వెనక నడుస్తూ మూటలు మోసుకోవాలి.

"శిఖరం ఎక్కారా?" అన్నాడు గుమాస్తా తలెత్తకుండా.

"ఎక్కించాను."

"అది కాదండీ. మీరు ఎక్కారా?"

"పది అడుగులు కిందుంటాను. మా పనే అంత."

"అంటే ఎక్కలేదన్నమాట. నెలాఖరులోగా శిఖరం మీద మీ ఫొటో తెస్తే చూద్దాం."

ఎక్కానని ఒక్క ముక్క అంటే ఆయన సొమ్మేం పోయేది! మిగతా గైడులందరూ అన్నారు. ఈ మనిషికి నిజం చెప్పే జబ్బు.

అసలు కడుపుమంట అది కాదు. బావమరిదికి కార్డు వచ్చింది. ఏడేళ్ళ కిందట ఏ పనీ కుదురుగా చేయక తిరిగేవాడు. "మా తమ్ముణ్ణి మీతో తీసుకెళ్ళండి" అని భార్య కాళ్ళావేళ్ళా పడితే మెట్లాయన వాడికి ముడి వేయడం దగ్గర్నించీ నేర్పాడు. మొదటిసారి పైకి వెళ్ళినప్పుడు కుర్రాడు సరదా పడుతున్నాడని తను తాడు పట్టుకుని వాణ్ణి శిఖరం మీదికి పంపాడు. ఫొటో తీశాడు. ఆ ఫొటోయే ఇప్పుడు వాడి కార్డు మీద ఉంది.

నెలాఖరుకి రెండు రోజుల ముందు, ఆ నెలకి ఆఖరుగా, ఒక పళ్ళ డాక్టరమ్మ కొండెక్కడానికి వచ్చింది. బావమరిది ముందు, డాక్టరమ్మ మధ్య, మూటతో మెట్లాయన వెనక. బయల్దేరేముందు అక్క తమ్ముడి గడ్డం పట్టుకుని చెప్పింది: "ఇవాళ మీ బావ ఫొటో తియ్యాలిరా. మరిచిపోకు."

"అదేం మాటక్కా! బావ నాకు దేవుడు" అన్నాడు వాడు.

ఎనిమిదింటికల్లా అంచు కిందికి చేరారు. గంధకం కంపు, ఎముకలు కొరికే గాలి, పైన కడిగిన పళ్ళెంలాంటి ఆకాశం. మెట్లాయన అలవాటుగా గొడ్డలి దిగ్గొట్టి కూర్చున్నాడు. డాక్టరమ్మ పైకెళ్ళింది, ఏడ్చింది, ఫొటో దిగింది, వణుకుతూ కిందికొచ్చింది. ఆయన లేచి మోకాళ్ళ మీది మంచు దులుపుకున్నాడు. ఈ వయసులో గుండె అలా కొట్టుకుంటుంటే ఆయనకే సిగ్గేసింది.

"ఇదిగో, పట్టుకో" అని తాడు అందించాడు.

బావమరిది తాడు అందుకోలేదు. పడమటి వైపు చూస్తూ నిలబడ్డాడు.

"గాలి మారింది బావా. దిగిపోదాం."

"ఎక్కడ మారిందిరా? రెండు నిమిషాలు."

"నువ్వే కదా నేర్పింది. ముందున్నవాడు దిగమంటే దిగాలి, ఎదురు మాట్లాడకూడదు. ఇవాళ ముందున్నది నేను."

మెట్లాయనకి అప్పుడు అర్థమైంది. ఒకే ఇంట్లో రెండు కార్డులుంటే వచ్చినవాళ్ళెవరూ ఈ కుర్రాడి మొహం చూడరు. ఆ సంగతి వాడికి ఎప్పుడో తెలుసు. తెలియనిదల్లా తనకే.

నడుము ముడి మీద చెయ్యి వేశాడు. విప్పుకుంటే పది అడుగులే. చూరు విరిగితే విరగనీ. అప్పుడు డాక్టరమ్మ, "ఏమైందండీ? ప్రమాదమా?" అంది. ఆమె పెదవులు నల్లబడ్డాయి, కాళ్ళు నిలవడం లేదు. కిందికి దింపేటప్పుడు ఆమెకి వెనకనుంచి తాడు పట్టేవాడు ఒకడుండాలి. ఆయన ముడి మీంచి చెయ్యి తీసేశాడు. వాడి మీద కంటే తన మీదే ఎక్కువ అసహ్యం వేసింది.

"ఏం లేదమ్మా. గాలి మారింది. పదండి" అన్నాడు.

దారి పొడుగునా ఎండ కాసింది.

మధ్యాహ్నం ఇంటికొచ్చేసరికి భార్య డాబా మీద బట్టలు ఆరేస్తోంది. ఆయన మెట్ల మీదే కూర్చుని బూట్లు విప్పుకోబోయాడు.

"ఫొటో?"

"కుదర్లేదు. పైన మబ్బు పట్టేసింది."

ఆవిడ చేతిలో తడి చొక్కా అలాగే ఉండిపోయింది. డాబా మీద నిలబడితే కొండ మొత్తం కనబడుతుంది.

"తమ్ముడు ఏమన్నాడు?"

"వాడేం చేస్తాడు పాపం. మబ్బు."

ఆవిడ చొక్కా దులిపి తీగ మీద వేసింది.

"పొద్దుట ఏడింటి నుంచీ ఇక్కడే ఉన్నాను. ఆరిన బట్టలు కూడా మళ్ళీ తడిపి ఆరేస్తూ ఆ కొండనే చూస్తున్నాను. మబ్బు తునకంటూ లేదు."

ఆయన బూటు తాళ్ళతో పెనుగులాడుతూ ఉండిపోయాడు. కింద గేటు చప్పుడైంది. "అక్కా, ఆకలి దంచేస్తోంది, వడ్డించెయ్" అని తమ్ముడి గొంతు.

మెట్లాయన తలెత్తి భార్య వంక చూశాడు. ఏమీ అనొద్దన్నట్టు చెయ్యి అడ్డంగా ఊపాడు. ఇక వాడి సంపాదనే ఈ ఇంటికి ఆధారం, అది ఇద్దరికీ తెలుసు.

ఆవిడ కళ్ళు తుడుచుకుంది.

"వస్తున్నాన్రా, కాళ్ళు కడుక్కో" అంది.